విప్పని వెండి సంచులు

పోయిన వారం నన్ను ఓవెన్ ముందు నిలబెట్టి, పత్రిక మడిచి పక్కన పడేసి మీరంతా మీ పనుల్లో పడ్డారు. నేనెక్కడికీ కదల్లేదు. పటకారు చేత్తో పట్టుకుని అక్కడే ఉన్నాను.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. నా పేరు తనుజ. కారిమంగళం దాటాక రోడ్డు పక్కనున్న నంజప్పగారి వైరు కంపెనీలో టెస్టింగ్ చూస్తాను. మా అత్త పాపక్క అదే కంపెనీలో ప్లాస్టిక్ గుళికలు కలిపే గదిలో పని చేస్తుంది. మా ఆయన దినకరన్ వెల్లిచందైలో చెరకు ఆడించి బెల్లం వండే షెడ్డు నడుపుతాడు. ఇన్నేళ్ళూ మా కంపెనీలో వైరంటే పీవీసీదే చేశాం. రాగి తీగ మీద తొడిగే ఆ పీవీసీకి వేడి తగిలితే చాలు, కరిగిపోతుంది. అందుకని ఈ ఏడు నంజప్పగారు కొత్త రకానికి మారారు. ఇది పాలిథిన్ జాతిది. తీగ మీద పోశాక ఆ చుట్టల్ని ఆవిరి గదిలో పెట్టి ఉడకనిస్తాం. మా అత్త దాన్ని ఇడ్లీ గది అంటుంది. అక్కడ తడి తగిలి తొడుగు లోపల్లోపలే ముడులు పడి బిగుసుకుంటుంది. ఒకసారి బిగుసుకుందంటే మళ్ళీ కరగదు. బిగుసుకుందో లేదో పైకి చూస్తే ఎవరి తరమూ కాదు. చిన్న ముక్క కోసి, బరువు కట్టి, బాగా కాగిన ఓవెన్లో వేలాడదీయాలి. కొంచెం సాగి ఆగితే పాస్.

మా ఓవెన్ కాలిపోయి రిపేరుకు హోసూరు వెళ్ళింది. తొలి చుట్ట పాసయింది కదా, ఇంకేం భయమని ఆ రోజుల్లో చేసిన వైరును టెస్టు లేకుండానే బయటికి పంపుతూ పోయారు. వద్దని నేను అరిచి అరిచి ఊరుకున్నాను. ఓవెన్ తిరిగి రాగానే ఒక ముక్క వేలాడదీశాను. అది పాకంలా సాగి, బరువుతో సహా కింద పడింది. అక్కడే కదా మీరు నన్ను వదిలేసింది.

నంజప్పగారు వచ్చి ఆ సాగిన ముక్కను చూశారు. ఆయన చెడ్డవారు కాదు. కాకపోతే నచ్చని మాట వింటే దాన్ని ఇంకోసారి చెప్పించుకునే అలవాటుంది.

"ఓవెన్ ఇప్పుడేగదమ్మా రిపేరై వచ్చినాది. వేడి ఎక్కువ చూపిస్తాదేమో. ఇంకొకటి పెట్టు."

"వేడి సరిగానే ఉండాదయ్యా. వేరే థర్మామీటరు పెట్టి చూసినాను."

"పెట్టమ్మా అంటే."

పెట్టాను. ఆయన వాచీ చూసుకుంటూ నిలబడ్డారు, నేను గాజు కిటికీలోంచి ముక్కను చూస్తూ నిలబడ్డాను. అది కూడా పడింది. ఆయన బల్ల మీద కూర్చుండిపోయారు.

తొలి చుట్ట పాసయింది. మిషను అదే, ఆవిరి గది అదే, పెద్ద సంచులూ అవే. మారిందేమిటి? ఆలోచిస్తూనే కలిపే గదికి నడిచాను. గుమ్మంలో మా అత్త ఒక ఖాళీ సంచి పరుచుకుని కూర్చుని టీ తాగుతోంది. ఆ సంచి మీద డ్రిప్ పైపు బొమ్మ ఉంది. ఒకప్పుడు మా కంపెనీలో తోటలకు వేసే డ్రిప్ పైపులు కూడా చేసేవాళ్ళు. వాటికోసం తెచ్చిన నల్ల రంగు గుళికలు ఒక మూలన పడి ఉండేవి. ఆ మూల ఇప్పుడు ఖాళీ. ఆ గుళికలన్నీ ఎందులో కలిసిపోయాయి?

"అత్తా, చిన్న సంచులు ఎక్కడ?"

"ఏ చిన్న సంచులు?"

"వెండి కాగితం మాదిరి ఉండేవి. పెద్ద సంచితో పాటు కలిపేవి."

ఆమె ముఖం వెలిగిపోయింది. టీ గ్లాసు కింద పెట్టి లేచింది. "దానికా ఇంత ముఖం పెట్టుకోని వచ్చినావు? రా, చూపిస్తాను. నువ్వే అడగాలని చూస్తా ఉన్నాను."

పాత డ్రమ్ముల వెనక గోనె పట్టా తీసింది. వెండి సంచులు, ఒకదాని మీద ఒకటి, అంచులు కలిపి పేర్చి ఉన్నాయి. అన్నిటికన్నా పైనున్నదానికి కుంకుమ బొట్టు కూడా పెట్టింది.

"చూడు. మొదటి దినం ఆ ఇంజినీరు ఎదురుగా విప్పిన ఒకటి తప్పితే ఇంకొకటి విప్పలేదు నేను."

"ఎందుకు విప్పలేదత్తా?"

"విప్పేదానికి ఏమి అవసరమే? అదీ నలుపే, డ్రిప్పు పైపు నలుపూ నలుపే. ఆ పాతది మూల్లో పడి మక్కిపోతా ఉండె. దాన్ని ఆడించినాను, దీన్ని దాచిపెట్టినాను. వైరు ఎంత నల్లగా, నున్నగా వచ్చినాదో నువ్వు చూడలేదా? నంజప్ప మొదలాళితో చెప్తే ఏమన్నాడో తెలుసునా? పాపక్కా, నువ్వు ఉన్నంతవరకు నాకు కవలై లేదు, దిగులే లేదు అన్నాడు."

ఆమెను చూస్తే కోపం ముంచుకొచ్చింది. ఆ పైన, ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదన్నది గుర్తొచ్చి ఇంకా ఎక్కువ వచ్చింది. గుళికలు అమ్మిన కంపెనీ ఇంజినీరు వచ్చి ఒక పూటంతా ఇంగ్లీషులోనూ హిందీలోనూ చెప్పి వెళ్ళాడు. విన్నది నంజప్పగారు, సూపర్‌వైజరు, నేను. కలిపే ఆడవాళ్ళను ఆ పూట లారీ దించమని పంపారు. మా అత్త ఆ గదిలో జీవితంలో సగం గడిపింది. అక్కడ పెద్ద సంచి అంటే సరుకు, చిన్న సంచి అంటే రంగు. ఎప్పుడూ అంతే. రంగు ఎంత తక్కువ వేసి ఎంత బాగా తెప్పిస్తే ఆ మనిషి అంత పనిమంతురాలు. పీవీసీ రోజుల్లో తెగిన ముక్కా ముక్కా ఏరి, మరలో వేసి పొడి చేయించి, మళ్ళీ మిషన్లో పోయించిన చెయ్యి ఆమెది. చీపురుకు తగిలిన గుళికను కూడా కడిగి వాడే మనిషి.

"అత్తా, అది రంగు కాదు."

"నల్లగా ఉంటే రంగు కాకపోతే ఏమే?"

ఎలా చెప్పను? ఇంజినీరు చెప్పిన మాటలన్నీ నా తలలో ఉన్నాయి, ఒక్కటీ ఆమెకు పనికొచ్చేది లేదు. చివరికి మా ఇంటి వంటింట్లోంచే తెచ్చుకున్నాను.

"అది తోడు. పాలల్లో వేసే తోడు. పెద్ద సంచిలో ఉండేది పాలు. ఆ చిన్నది వేస్తేనే ఆవిరి గదిలో అది తోడుకునేది."

పొద్దున లేస్తే ఆవుల పొదుగు కిందే కూర్చునే మనిషి. ఆమెకు ఇంకొక మాట అవసరం లేకపోయింది.

"తోడు వెయ్యకుండా పెట్టినానా?"

"ఆమా అత్తా," అని తల ఊపాను.

"ఇడ్లీ గదిలో అంతసేపు పెట్టినామే. ఇంకొంచిం పెట్టి చూస్తే?"

"ఎంతసేపు పెట్టినా అంతే. పాలు పాలుగానే ఉంటాయి."

ఆమె వెండి సంచుల మీద చెయ్యి వేసింది. కుంకుమ వేళ్ళకు అంటుకుంది. తుడుచుకోలేదు. నేను చెప్పబోయే మాట నా నోట్లోనే ఉంది, ఆమే ముందు అడిగేసింది.

"మన ఇంటికి తీసుకపోయినామే, ఆ చుట్ట?"

ఆ చుట్ట సంగతి మీకు రెండు వారాల కింద చెప్పాను. షెడ్డులో పొయ్యి పక్కనుంచి పోయే పాత పీవీసీ వైరు వేడికి కరిగి, మా ఆయనకు షాకు కొట్టి, అరచెయ్యి కమిలింది. మా అత్త ఆ మర్నాడే నంజప్పగారి ముందు నిలబడింది. ఇంత మిగిలించిన దానివి, నీ కొడుక్కి ఒక చుట్ట తీసుకుపో పాపక్కా అని ఆయన సంతోషంగా ఇచ్చారు. బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది, పసిపిల్లను తెచ్చినట్టు.

నిన్న అన్నం తింటూ మా ఆయన అన్న మాటలు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. కొత్త వైరు వేసేశానన్నాడు. పాత వైరు కాలకుండా తొడిగిన మట్టి గొట్టాలన్నీ పీకేశానన్నాడు. ఇంక చుట్టూ తిప్పే పని లేదు, నేరుగా పొయ్యి గోడ మీదనే మోటారుకు పోతుందన్నాడు. "దీనికి నిప్పంటే భయం లేదు గదమ్మా?" అని అడిగాడు.

మా అత్త ఆయన కంచంలో ఇంకో ముద్ద పెడుతూ చెప్పింది. "నా చేత్తో కలిపింది రా. ధైర్యంగా వెయ్యి."

ఈ రోజే ఆ వైరు మీద తొలి గానుగ. చేలకు ఇచ్చే త్రీ ఫేజ్ కరెంటు ఈ వారం మధ్యాహ్నం వస్తుంది. కరెంటు వచ్చిందంటే చెరకు పెడతారు, రసం పెనంలో పడుతుంది, పొయ్యి కింద పిప్పి వేసి అంటిస్తారు. కింద నేలంతా రసంతో తడి. చెప్పుల్లేని కాళ్ళు. పైన, ఎర్రగా కాలే గోడ మీద, మా అత్త కలిపిన వైరు.

ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. షెడ్డులో పనిచేసే వేడియప్పన్‌కు చేశాను. అదీ మోగిందే కానీ ఎత్తలేదు. ఎందుకు ఎత్తుతారు? పోయిన ఏడు వేడియప్పన్ ఫోన్ జేబులోంచి జారి ఉడికే పెనంలో పడింది. పెనం బెల్లమంతా పారబోశారు. అప్పటినుంచి షెడ్డులోకి వచ్చినవాళ్ళు ఫోన్లన్నీ వాకిట్లో రేకు డబ్బాలో వేసి లోపలికి రావాలని మా ఆయన కట్టడి పెట్టాడు. ఇన్నాళ్ళకు ఒక మంచి పని చేశావని నేను మెచ్చుకున్నాను కూడా. ఇప్పుడా డబ్బాలో రెండు ఫోన్లూ నాకోసం గొంతు చించుకుంటున్నాయి.

ఊళ్ళో టీకొట్టు కుప్పాయికి చేశాను. షెడ్డు చాలా దూరం, బొండాలు నూనెలో ఉన్నాయి, ఆ పక్కకు ఎవరైనా పోతే చెప్పి పంపుతానంది. మెయిన్ తీసేయమని చెప్పు, ప్రాణాపాయం అన్నాను. సరి సరి అంది. అది విన్నవాళ్ళు అనే సరి కాదు, బొండాలు మాడతాయని ఫోన్ పెట్టేసేవాళ్ళు అనే సరి. కరెంటు ఆఫీసుకు చేశాను. ఒక షెడ్డు కోసం అన్ని ఊళ్ళకూ ఆపలేమమ్మా, అక్కడే మెయిన్ తీయమనండి అన్నారు. వాళ్ళు చెప్పింది న్యాయమే. అక్కడ తీసేవాళ్ళే కదా నాకు దొరకనిది.

నంజప్పగారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన ఇంకా అదే బల్ల మీద ఉన్నారు.

"అయ్యా, వ్యాను కావాల. ఇప్పుడే."

"వ్యాను హోసూరు పోయిండాది కదమ్మా."

"ఎందుకు?"

ఆయన తల ఎత్తలేదు. "అదే వైరు. మిగిలింది డెలివరీకి పోయిండాది."

మా అత్త నా వెనకే వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆమెను చూసి ఆయన లేచారు. "పాపక్కా, నువ్వు నాతో చెప్పినావు. చిన్న సంచులు మిగిలినాయని చెప్పినావు. నేనే వినలేదు. రంగే అనుకున్నాను నేను కూడా."

ఇంజినీరు ఎదురుగా ముందు కుర్చీలో కూర్చుని తల ఊపిన మనిషి ఈయన! నాకు నోటికి ఏదో రాబోయింది. మా అత్త నా చెయ్యి పట్టుకుని లాగింది.

"ఆయప్పతో ఏమి మాట్లాడతావే? బస్సు వస్తాది, రా."

"ఎవురికీ చెప్పొద్దమ్మా, నేను చూసుకుంటాను," అన్నారు నంజప్పగారు మా వెనక.

"ఏమి చూసుకుంటారయ్యా?" అన్నాను. గేటు దాటేటప్పుడు వెనక్కి చూస్తే, ఓవెన్ గదిలో కింద పడిన ముక్కను ఏరుకుంటున్నారు.

బస్సు వెంటనే దొరికింది. అదొక్కటే ఆ రోజు మాకు జరిగిన మేలు. పాలకోడు దాకా బాగానే పోయింది. పాలకోడులో టమాటా మార్కెట్ ముందు ఆగింది. ధర ఎక్కిందట. చుట్టుపక్కల ఊళ్ళ ట్రాక్టర్లన్నీ రోడ్డు మీదే ఉన్నాయి, క్రేట్లు దించేవాళ్ళు, ఎక్కించేవాళ్ళు, నడిమధ్యలో బండి ఆపి బేరం చేసేవాళ్ళు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ కోసం జేబు తడుముకున్నాడు. దిగి నడుద్దామా అంటే అక్కడినుంచి వెల్లిచందై నడక దూరం కాదు. ఆటోవాడు ఒకడు చూసి, నేను ఎక్కడినుంచి పోవాలక్కా, వాటి మీదనుంచి ఎగరాలా అని ట్రాక్టర్లను చూపించాడు. నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతూనే ఉంది.

మా అత్త పిడికిలి విప్పింది. అందులో ఓవెన్లో పడిపోయిన తొలి ముక్క ఉంది. ఎప్పుడు తెచ్చుకుందో తెలియదు. చల్లారి, వెంట్రుకలా సన్నబడి ఉంది. దాన్ని రెండు వేళ్ళతో రాస్తూ అడిగింది.

"మొదటి దినం ఒక సంచి వేసినాము గదా. ఆ మిషను లోపల కొంచిం అంటుకోని ఉండదా? పాల సట్టిని కడగకుండా కాస్తే, ఒక్కోసారి దానంతట అదే తోడుకుంటాదే."

ఉంటుందేమో అనవచ్చు. ఒక్క మాటే. వెల్లిచందై దాకా ఆమె ఆ మాట పట్టుకుని కూర్చునేది. కానీ ఆమె నా కళ్ళలోకే చూస్తోంది, అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఉండదత్తా."

"సరి," అంది. ముక్కను మళ్ళీ పిడికిట్లో మూసుకుంది.

బస్సు ఎప్పటికో కదిలింది. ఊరు దాటి చేల మధ్యకు వచ్చాం. కిటికీ పక్కన ఒక టమాటా తోటలో బోరు పైపు రెండుసార్లు దగ్గి, బుస్సుమని నీళ్ళు కక్కింది. గట్టు మీద పడుకున్న మనిషి లేచి పార పట్టుకుని పరుగెత్తాడు. ముందు సీట్లో ఎవరో సంతోషంగా అన్నారు, కరెంటు వచ్చేసిందని. ఆ పక్కాయన కూడా అవునవునని, ఈ వారం బాగానే ఇస్తున్నారని మెచ్చుకున్నాడు. బస్సులో అందరికీ అది మంచి వార్తే. మా అత్త చీర కొంగు నోట్లో కుక్కుకుంది. నేను ఆమె భుజం పట్టుకున్నాను కానీ పట్టుకుని చేసేదేముంది?

వెల్లిచందై స్టాపులో దిగి పరుగు మొదలుపెట్టాం. కుప్పాయి కొట్టు ముందునుంచే పోయాం. ఆమె జల్లెడ గరిటె ఊపుతూ ఏదో అరిచింది, ఎవరినో పంపానందో, ఎవరూ దొరకలేదందో, నాకు వినపడలేదు. చెరకు తోటల మధ్య బండి బాట. నాకంటే ముందు మా అత్త పోతోంది, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, చెప్పులు ఎక్కడో వదిలేసి. ఆ వయసులో అంత పరుగు ఎక్కడిదో.

చెరకు తలల మీదుగా పొగ కనిపించింది. పొయ్యి అంటించేశారు. ఆ తర్వాత గానుగ చప్పుడు వినిపించింది, దడదడదడమని, ఒకే తీరుగా. మా అత్త ఆగి, నా వైపు తిరిగి చెయ్యి చూపించింది.

"ఆడతా ఉండాది! వినపడతా ఉండాదా? బాగానే ఆడతా ఉండాదే!"

నాకు కూడా ప్రాణం లేచొచ్చింది. ఆడుతున్నంతసేపూ ఏమీ కాలేదన్నట్టే. ఇంకో రెండు తోటలు దాటితే చాలు, ఆ మెయిన్ నా చేత్తో నేనే పీకేస్తాను, ఆ తర్వాత మా ఆయన్ను తిట్టాలో కౌగలించుకోవాలో చూసుకోవచ్చు. ఇద్దరం మళ్ళీ పరుగెత్తాం. మొదటి తోట దాటాం.

చప్పుడు ఆగిపోయింది.

మెల్లగా తగ్గి ఆగడం కాదు. కోసేసినట్టు ఆగింది. చెరకు ఆకుల గలగల ఒక్కటే వినిపిస్తోంది. బెల్టు జారి ఉండొచ్చు. చెరకు ఇరుక్కుని ఉండొచ్చు. కరెంటే పోయి ఉండొచ్చు అనుకుని పక్క తోట వైపు చూశాను. అక్కడ బోరు పైపు నీళ్ళు పోస్తూనే ఉంది.

నా చేతిలో ఫోన్ మోగింది. తెర మీద మా ఆయన పేరు. ఫోన్ డబ్బాలోంచి బయటికి వచ్చింది. ఎవరి చేతిలోకి వచ్చింది?

ఎత్తబోయాను. మా అత్త ఒక్క ఉదుటున వచ్చి ఫోన్ లాక్కుంది. రెండు చేతులతో గుండెకు అదుముకుని బాట మధ్యలో కూలబడింది. కుంకుమ అంటిన ఆ వేళ్ళ మధ్య అది మోగుతోంది.

"ఇవ్వత్తా! ఎవురో ఏమో, ఇవ్వు!"

"ఎత్తొద్దే." తల అడ్డంగా ఊపింది. "ఎత్తొద్దు, నీకు దండం పెడ్తాను. ఎత్తేదాకా నా కొడుకు బాగుండాడు."

ఫోన్ మోగుతూనే ఉంది.